'అట' ఉన్నచోట నేరం లేదు

ఒక పెద్ద అడవిలో ముంగిస నూకాలమ్మ అర్జీ రాయడానికి కూర్చుంది. మోదుగాకు మీద మొదటి ముక్కే ఇలా పడింది: "అయ్యా, నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. తప్పులుంటే మన్నించండి."

ఆరేళ్ళుగా ఆమె పిట్టల గూళ్ళకు కాపలా. పాము కనబడితే తరిమేది. ఒక్క గుడ్డు పోలేదు. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు, అందుకని పోలేదన్న సంగతి ఎవరికీ చెప్పుకోనూ లేదు.

ఆ కాపలా పని తన బావమరిదికి ఇప్పించుకోవాలని గుంటనక్క గవరయ్యకు బుద్ధి పుట్టింది. వాగు దగ్గర నీళ్ళు తాగుతూ ఉడుముతో ఒక్కమాట అన్నాడు.

"నూకాలమ్మ గుడ్లు తాగుతోందట."

మర్నాటికి తల్లులందరూ గూళ్ళకు ముళ్ళకంప అడ్డం పెట్టేశారు.

"ఏం ఒదినా, నీ పెద్దపిల్లని పాము నోట్లోంచి లాగింది నేను కాదూ?" అంది నూకాలమ్మ, కంప ఇవతల నిలబడి.

"నేనేమన్నానమ్మా? అందరూ అంటున్నారు," అంది కౌజుపిట్ట, గుడ్ల మీద ఇంకాస్త సర్దుకుంటూ.

అందుకే ఈ అర్జీ. అడవిలో పరువు కాపాడే కచేరీ ఒకటుంది. గుమాస్తా గోరింక ఆకు అటూ ఇటూ తిప్పింది.

"పరువు పోయిందని రాశావు. ఉండేదని రుజువేదీ?"

"ఆరేళ్ళు కాపలా ఉన్నానండీ."

"మంచిదానివని ఎవరిచేతైనా రాయించుకున్నావా?"

"అడగలేదండీ."

"అడగాలమ్మా! పరువున్నవాళ్ళు ముందే రాయించి దగ్గర పెట్టుకుంటారు."

విచారణనాడు న్యాయాధికారి ఎలుగుబంటి దొర గవరయ్యను పిలిపించాడు. గవరయ్య తోక ముడుచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, నేను 'తాగుతోంది' అనలేదు. 'తాగుతోందట' అన్నాను."

"అవునండి, అట ఉంది. నా చెవులారా విన్నాను," అంది సాక్షి ఉడుము.

దొర తీర్పు చెప్పాడు. "తాగుతోంది అంటే నేరం. తాగుతోందట అంటే విన్నది విన్నట్టు చెప్పడం. అట ఉన్నచోట నేరం లేదు. అడవంతటికీ ఇదే చట్టం."

తీర్పు రాసిన ఆకు గోరింకకు ఇవ్వబోతే అది దొర పంజాకు అతుక్కుపోయి ఊడి రాలేదు. నూకాలమ్మ జిగటగా ఉన్న ఆ పంజా వంకే చూసింది. కాపలా పని బావమరిదికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె వాగు దగ్గరికి వెళ్ళింది. ఉడుము పక్కన చేరి, తలొంచుకునే అంది.

"అన్నా, తీర్పుకు ముందు దొరగారు గవరయ్య ఇంట్లో తేనె తాగారట."

"ఆఁ! ఎవరన్నారు?"

"ఎవరో అన్నారట."

పొద్దెక్కకముందే దొర తన అర్జీ తానే రాసుకుని కచేరీలోకి పరుగెత్తుకొచ్చాడు. గోరింక చదివి తిరిగిచ్చేసింది.

"తమ తీర్పే అడ్డమండీ. చివర అట ఉంది."

దొర అప్పటికప్పుడు తీర్పు కొట్టేశాడు. అట అన్నా నేరమే అన్నాడు. దాంతో గవరయ్య దోషి అయ్యాడు, బావమరిది పని ఊడింది. తేనె మాట ముందు ఎవరన్నారో ఆరా తీయబోయి, తేనె సంగతి కూడా బయటికొస్తుందని దొర మానుకున్నాడు.

నూకాలమ్మ వెళ్ళి ముళ్ళకంప పక్కకు లాగి, తన చోట తాను కూర్చుంది.

"నాకు ముందే తెలుసు ఒదినా," అంది కౌజుపిట్ట.

నీతి: పరువు పోయినవాళ్ళకి న్యాయం జరగాలంటే, ముందు న్యాయాధికారి పరువు కాస్త పోవాలట.