కలెక్టరమ్మ మేత ముట్టలేదు

ఆ శుక్రవారం ఉదయం బాలశౌరి వేసుకున్న ప్రణాళికలో కష్టమైనదేమీ లేదు. లేవాలి, టీ తాగాలి, పక్కింటి సుగుణ ఆంటీ దగ్గర మూడు కోళ్ళు అడిగి తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళాలి.

బాలశౌరి గుంటూరు జిల్లా నుంచి కంప్యూటర్లు చదవడానికి మెల్‌బోర్న్ వచ్చినవాడు. క్లేటన్‌లో నరసాపురం కుర్రాడు ఎబెన్‌తో కలిసి ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాడు. కంప్యూటర్ల మధ్యలోకి రోమ్ ఎలా వచ్చిందంటే, జాక్లిన్ వల్ల వచ్చింది. తెలుగువాళ్ళ ఆదివారం కూటంలో పాటలు పాడే జాక్లిన్ ప్రాచీన రోమ్ చరిత్ర చదువుతోంది. ఏదైనా ఒక బయటి సబ్జెక్టు తీసుకోవచ్చని తెలియగానే ఎబెన్ అందులో చేరాడు. ఎబెన్ చేరాడని తెలియగానే బాలశౌరీ చేరాడు. అప్పటిదాకా రోమ్ అంటే అతనికి పోపుగారుండే ఊరు, అంతే.

పాఠం చెప్పే డాక్టర్ మార్గరెట్ క్లాసు మొత్తాన్నీ రోమ్‌గా మార్చేసింది. చీటీలు తీయించి కొందరిని పేట్రీషియన్లు, అంటే పెద్దింటివాళ్ళు అంది. మిగిలినవాళ్ళు ప్లెబియన్లు, మామూలు జనం. ఎబెన్‌కి పెద్దింటి చీటీ, బాలశౌరికి మామూలు జనం చీటీ వచ్చాయి. ఇంత దూరం వచ్చినా ఈ పెద్దిళ్ళూ చిన్నిళ్ళూ తప్పలేదా అని బాలశౌరి కుమిలిపోయాడు గానీ, జాక్లిన్‌ది కూడా తన వర్గమే అని తెలిశాక ఆ బాధ సగం తగ్గింది.

అసలు మంట ఎన్నికల్లో మొదలైంది. రోమ్‌ని ఏలడానికి సమాన అధికారంతో ఇద్దరు కాన్సుల్స్ ఉండాలి. వాళ్ళిద్దరూ సెమిస్టరంతా క్లాసు ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. మొదటి కుర్చీకి జాక్లిన్ గెలిచింది. రెండో కుర్చీకి బాలశౌరీ ఎబెనూ పోటీపడ్డారు. బాలశౌరి ఒక్క ఓటుతో ఓడిపోయాడు. ఆ ఓటు అతనిదే. ఆ ఉదయం ఎబెన్ వేడివేడి ఉప్మా ప్లేటు చేతికిచ్చి "నీ ఓటు నాకేగదరా?" అన్నాడు. మొహమాటపడి ఎత్తిన చెయ్యి అతని కొంప ముంచింది.

ఇప్పుడు కోళ్ళ వంతు. కాన్సుల్ పదవి చేపట్టేముందు దేవతల అనుమతి అడగాలి. రోమన్ దేవతలు కోళ్ళ ద్వారా జవాబిస్తారు. కోళ్ళు గింజలు ఆబగా తింటే అనుమతి ఉన్నట్టు, ముట్టకపోతే ఎన్నిక చెల్లనట్టు. అందుకే కోళ్ళని ఆ ఉదయం పస్తు ఉంచాలని మార్గరెట్ గట్టిగా చెప్పింది. రోమన్లకి దేవుడంటే భక్తి, ఆకలంటే నమ్మకం. కోళ్ళ కాపరిగా బాలశౌరి పేరు చెప్పింది ఎబెనే. అదొక సాయం అనుకున్నాడు పాపం.

బాలశౌరి టీ తాగుతుండగా ఎబెన్ గదిలోంచి వచ్చాడు. ఒంటి మీద తెల్లటి టోగా, రోమన్ పెద్దమనుషులు చుట్టుకునే బట్ట. దాని అంచుకి ఎర్రటి చీర అంచు కుట్టి ఉంది.

"ఎలా ఉందిరా? సుగుణ ఆంటీ కుట్టిచ్చారు."

"ఆ దుప్పటి నాది కదరా!"

"అవున్రా. నాదేమో పూలపూలది. కాన్సుల్ పూల దుప్పట్లో వెళ్తే బాగోదు కదా. మరేం అనుకోకు." అద్దంలో ఒకసారి చూసుకుని, "ఆర్నీ, నాకు భలే నప్పిందిరోయ్" అంటూ బస్సుకి వెళ్ళిపోయాడు.

నప్పిందనేదే బాలశౌరి బాధ. సొంత అమ్మ కొనిచ్చిన దుప్పటి సొంత ఒంటి మీద ఎన్నడూ అంత అందంగా లేదు. ఇంక ఆ దుప్పట్లో వాడు జాక్లిన్ పక్కన సెమిస్టరంతా కూర్చుంటాడు. కడుపులో మంట నెత్తికెక్కింది. ఫ్రిజ్ తెరిచాడు. తను వారాంతాల్లో పనిచేసే హోటల్ నుంచి తెచ్చిన బిర్యానీ డబ్బా కనిపించింది. కూర్చుని కోడి ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టాడు. అసూయ ఎంత ఉన్నా, కోళ్ళకి కోడిని పెట్టేటంత నీచుడు కాడు.

సుగుణ ఆంటీ పెరట్లో కోళ్ళు మూడూ బిర్యానీ మీద ఎగబడ్డాయి. వాటిలో పెద్దదాని పేరు కలెక్టరమ్మ. మిగతా రెండూ అది తిన్నాకే తింటాయి. ఆఖరి మెతుకు అయిపోతుండగా వెనక నుంచి సుగుణ ఆంటీ గొంతు వినిపించింది.

"ఏం బాలా, నిన్న ఎబెన్ వచ్చి మేత పెట్టొద్దన్నడు. నువ్వేమో పొద్దుగాల్నే బిర్యానీ పెడ్తున్నవ్?"

బాలశౌరి డబ్బా వెనక్కి దాచాడు. "పాపం ఆకలిగా ఉంటాయని, ఆంటీ."

"ఇంతకీ వీటిని ఏం జేస్తరు?"

"దేవుడి పనికి, ఆంటీ."

ఆవిడ మొహం పాలిపోయింది. "మా కరీంనగర్ దిక్కు గూడ కోసేముందు గిట్లనే మంచిగ పెడ్తరు!"

"అయ్యో, కొయ్యం ఆంటీ! ఊరికే అడుగుతాం."

"కోళ్ళనా? ఏమడుగుతరు?"

"ఎబెన్ నాయకుడిగా పనికొస్తాడా అని."

సుగుణ ఆంటీ అతన్ని కిందికీ మీదికీ చూసింది. అబద్ధమాడేవాడు కనీసం నమ్మేటట్టు ఆడాలి కదా అనుకున్నట్టుంది. "ఆగు, నేను గూడ వస్త" అని లోపలికెళ్ళి హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుంది.

కారు ఆంటీ భర్త కేశవరావు అంకుల్ నడిపాడు. కోళ్ళ బుట్ట మీద పాత గుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకుని ఆంటీ కూర్చుంది. దారిలో బాలశౌరి సంగతంతా, అంటే చెప్పదగిన సంగతంతా, వివరించాడు. అంకుల్ శ్రద్ధగా విని, "మన దిక్కు ఎలక్షన్లకన్న గిదే నయం" అన్నాడు. బాలశౌరి మాత్రం వెనక్కి తిరిగి తిరిగి ఆంటీనే చూస్తున్నాడు. తన నేరానికి ఉన్న ఒకే ఒక్క సాక్షిని తనే దగ్గరుండి తీసుకుపోతున్నాడు.

యూనివర్సిటీ పచ్చిక మీద రోమ్ అంతా చేరింది. ఎబెన్ దుప్పటి కొంగు తల మీదికి లాక్కున్నాడు. దేవతల ముందు రోమన్లు తల కప్పుకోవాలట. అచ్చం నరసాపురం చర్చిలో వాళ్ళ నాయనమ్మలాగే ఉన్నాడు. జాక్లిన్ నవ్వింది. ఆ నవ్వుకి బాలశౌరి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

బుట్ట తెరిచారు. ఎబెన్ గింజలు చల్లాడు. కలెక్టరమ్మ దిగింది, గింజల్ని చూసింది, మెడ తిప్పేసుకుంది. మిగతా రెండూ మెడలు తిప్పుకున్నాయి. ఎబెన్ ఇంకో గుప్పెడు చల్లి "తినమ్మా, తిను" అని బతిమాలాడు. కలెక్టరమ్మ దేవతలకని పక్కన పెట్టిన ద్రాక్షరసం గిన్నె దగ్గరికి నడిచి, మసాలా దిగేదాకా తాగి, ఒక రెక్క చాచి ఎండలో పడుకుంది.

బాలశౌరికి ఆకాశంలో నడిచినట్టుంది. అంత హాయి అతనికి వీసా వచ్చిన రోజున కూడా కలగలేదు.

మార్గరెట్ చప్పట్లు కొట్టి, దేవతలు ఒప్పుకోలేదని ప్రకటించింది. "ఒకే సభలో ఎన్నికైనవాళ్ళు కాబట్టి ఇద్దరు కాన్సుల్సూ రాజీనామా చెయ్యాలి" అని కూడా అంది.

"ఇద్దరూనా?" అని అరిచింది బాలశౌరే. జాక్లిన్ కుర్చీ కూడా పోతుందన్నది అతని లెక్కలో లేదు.

"ఇద్దరూ" అంది మార్గరెట్. "కాపరీ, ప్రమాణం చేసి చెప్పు. ఇవి పస్తు ఉన్నాయా?"

"ఉన్నాయి" అన్నాడు బాలశౌరి పీలగొంతుతో.

"మంచిది. అబద్ధం చెప్పిన ఒక కాపరిని రోమన్లు యుద్ధంలో అందరికంటే ముందు వరసలో నిలబెట్టారట" అని ఆవిడ సరదాగా చెప్పి, ఎందుకైనా మంచిదని సుగుణ ఆంటీ వైపు తిరిగింది. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. జాక్లిన్ ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది. అందుకని ఆ అమ్మాయినే అనువదించమంది.

"ఎట్ల తింటయమ్మా?" అంది ఆంటీ. "పొద్దుగాల ఈ పిలగాడే కడుపు నిండ బిర్యానీ పెట్టిండు. మంచి మనసున్నోడు."

బాలశౌరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎబెన్ కొంగు కింద నుంచి నెమ్మదిగా తల తిప్పి చూశాడు. జాక్లిన్ బాలశౌరిని చూసింది, చాలాసేపు చూసింది.

"షీ సేస్, ది హెన్స్ ఆర్ జస్ట్ నాట్ ఇంప్రెస్డ్" అంది.

రోమ్ అంతా గొల్లున నవ్వింది. బాలశౌరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను కాపాడింది, అంటే నేనంటే ఇష్టమే, అనుకున్నాడు. ఆ సంతోషంలో అడుగు ముందుకేశాడు. అంతే, బిర్యానీ వాసన తగిలిందో, మెతుకులు పెట్టిన చెయ్యి గుర్తుందో, కలెక్టరమ్మ లేచి అతని వెంట పడింది. మిగతా రెండూ దాని వెంట పడ్డాయి. అతను పరుగెత్తాడు. కోళ్ళూ పరుగెత్తాయి. పచ్చిక చుట్టూ అలా తిరుగుతుంటే "దేవతలు తమ మనిషిని ఎంచుకున్నారు!" అని ఎవరో అరిచారు.

క్లాసులోకి వెళ్ళి మళ్ళీ ఎన్నిక పెట్టారు. బాలశౌరి పేరు ప్రతిపాదించింది ఎవరో కాదు, ఎబెన్. పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "ఇంత రాజకీయం తెలిసినోణ్ణి వెనక బెంచీలో వదిలేస్తే డేంజర్రా. ఈసారి నా ఓటు నీకే."

అన్ని చేతులూ లేచాయి. బాలశౌరి కాన్సుల్ అయ్యాడు. టోగా ఎబెన్ ఒంటి మీదే ఉంది కాబట్టి కోళ్ళ బుట్ట మీది గుడ్డ భుజాన వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. అయినా సరే, గెలిచాడు. పక్క కుర్చీ మీద అరచేత్తో దుమ్ము దులిపాడు. రెండో కాన్సుల్‌గా అందరూ జాక్లిన్ పేరే అన్నారు.

"నో, థాంక్స్" అంది జాక్లిన్. "ఐ వాంట్ టు బీ ట్రిబ్యూన్."

ట్రిబ్యూన్ అంటే మామూలు జనానికి అండ, కాన్సుల్ ఏం చెయ్యబోయినా ఒక్క మాటతో ఆపగలిగే మనిషి అని మార్గరెట్ మళ్ళీ గుర్తుచేసింది. తనకి ఆ సంగతి తెలుసనీ, ఈ రోమ్‌కి ఇప్పుడు అలాంటివాళ్ళ అవసరం బాగా ఉందనీ జాక్లిన్ బాలశౌరి వైపే చూస్తూ చెప్పింది. అవతలి చివరికి వెళ్ళి కూర్చుంది. రెండో కుర్చీకి ఇంక పోటీ లేదు. ఎబెన్ దుప్పటి సర్దుకుంటూ వచ్చి, "జరగరా కాస్త" అని పక్కన కూర్చున్నాడు.

బాలశౌరి ఆశ వదల్లేదు. కాన్సుల్ హోదాలో లేచి తన మొదటి తీర్మానం పెట్టాడు. "ట్రిబ్యూన్ కూడా ముందు వరసలోనే కూర్చోవాలి."

"వీటో" అంది జాక్లిన్.

ఆ సెమిస్టరంతా ఆమె అతనితో మాట్లాడిన మాట అదొక్కటే. ఎబెన్ మాత్రం పక్క కుర్చీలోంచి మాట్లాడని క్లాసు లేదు.