టాన్ ముప్పై అయిదు

స్నానాల గదిని ఒక్క మీటరు పెంచాలని రిటైరైన లెక్కల మాస్టారు ఆ ఉదయం నిశ్చయించారు. పెరట్లో హద్దురాయి దాకా ఎంత స్థలముందో తేలితే మధ్యాహ్నం మేస్త్రీ పని మొదలెడతాడు.

"టేపు పట్టి కొలిస్తే పోదా?" అంది భార్య.

"మధ్యలో ఆ గదే అడ్డం కదే. ఇలాంటివాటికే త్రికోణమితి ఉంది."

ముప్పై ఏళ్ళు పిల్లల చెవులు మెలేసి నేర్పిన విద్య. చేతులు ఊరుకుంటాయా మరి! ఇంటి మూల నుంచి పెరటి వెంట ఇరవై మీటర్లు కొలిచి, ఆ చివర నిలబడి రాయిని గురిచూశారు. కోణం ముప్పై అయిదు డిగ్రీలు. సర్వీసంతా పట్టికల పుస్తకంతోనే నెట్టుకొచ్చిన మనిషి, కూతురు కొనిచ్చిన కాలిక్యులేటరులో టాన్ ముప్పై అయిదు నొక్కి, ఇరవైతో గుణించారు. తొమ్మిదిన్నర మీటర్లు. దస్తావేజులో పది ఉంది.

పక్కిల్లు భార్య తమ్ముడిది.

"అరమీటరు మింగాడు నీ తమ్ముడు. రాయి జరిపాడు."

"నా తమ్ముడు దొంగంటారా?" అని ఆవిడ పొయ్యి ఆర్పేసింది. మేస్త్రీ వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

మాస్టారు పక్కింటికెళ్ళి నిలదీశారు.

"అరమీటరే కదా, తీసుకోండి బావగారూ. సర్వేవాళ్ళను మాత్రం పిలవకండి," అన్నాడు బావమరిది.

గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నాడని మాస్టారు మురిసిపోయి, ఆ పూటే అర్జీ పెట్టారు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు, కూరల్లో ఉప్పులేదు.

సర్వేయరు వచ్చాడు. మాస్టారు పిలవగా సగం వీధి వచ్చింది. అతనూ అదే మూల, అదే కోణం చూశాడు.

"పద్నాలుగు మీటర్లండీ."

మాస్టారి కాలిక్యులేటరు తీసుకుని తిప్పి చూశాడు. "ఇది రేడియన్లలో ఉంది మాస్టారూ. మీరు డిగ్రీల్లో చెప్పారు, అది వేరే కొలతలో విన్నది."

"అయితే నాలుగు మీటర్లు లాభమేగా?"

"లాభం కాదండీ. కాగితం ప్రకారం మీది పదే. రాయి నాలుగు మీటర్లు ఇవతలికి రావాలి."

కొత్త హద్దు సరిగ్గా స్నానాల గది మధ్యలో పడింది. మాస్టారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"రాయి పాతింది మీరే బావగారూ, ఇల్లు కట్టిన రోజుల్లో," అన్నాడు బావమరిది మెల్లగా. "లెక్కల మాస్టారికి నేనేం చెప్పను? అక్కయ్యకు ఇబ్బందని ఊరుకున్నాను. గది అలాగే ఉండనివ్వండి."

ఇప్పుడు మాస్టారు రోజూ స్నానానికి వెళ్ళేముందు బావమరిదికి ఒక మాట చెప్పి వెళుతున్నారు.