గిత్త మీంచి పడితేనే పాట ఆగుతుంది

బార్లలో పాటల సౌండు తగ్గించమని మీరంతా కలిసి అర్జీ పెట్టండి. నేను మాత్రం సంతకం పెట్టను. పైగా ఇంకొంచెం పెంచమని ఎదురు అర్జీ పెడతాను! నవ్వకండి. మగవాళ్ల స్నేహాలు ఇన్నాళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అదంతా ఆ చప్పుడు చలవే.

ఎలాగంటారా? మా ఆఫీసు వెనక సందులో ఈమధ్య ఒక అమెరికన్ బార్ వెలిసింది. గుమ్మంలో ప్లాస్టరు లిబర్టీ విగ్రహం, చేతిలో కాగడాకి బదులు మెనూ కార్డు. గోడలోంచి సగం కారు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మిగతా సగం ఎవరింట్లో ఉందో మరి! కూర్చోవడానికి కుర్చీలుండవు, గుర్రపు జీనులుంటాయి. నా నడుము సంగతి అసలే అంతంత మాత్రం. హాలు మధ్యలో, జనం ఎక్కి స్వారీ చేయడానికి, కరెంటుతో ఎగిరిపడే గిత్త బొమ్మ ఒకటి.

టోపీ పెట్టుకోనిదే లోపలికి రానివ్వరు. నా తలకి సరిపడే టోపీ వాళ్ల దగ్గర లేకపోయింది. చివరికి పిల్లల సైజుది ఒకటి నెత్తిన నిలబెట్టి, గడ్డం కింద తాడు బిగించారు.

అక్కడికి నన్ను లాక్కెళ్లింది కత్తెర. అంటే మా పత్రికలో పేజీలు పెట్టే మనిషి, ఏళ్ల తరబడి నా ఎదుటి సీటు. నా కాలమ్ ఎప్పుడూ కాస్త పొడుగవుతుంది. "రెండు లైన్లు ఎక్కువైందిరా, చివర కోసేస్తున్నా" అంటాడు. "ఒరేయ్, అసలు సంగతంతా ఆ రెండు లైన్లలోనే ఉంది!" అంటాను. "అందుకే కోస్తున్నా. ఏడుపుగొట్టుగా ఉంది" అంటాడు. పాఠకులు నన్ను హాస్య రచయితగా చలామణీ చేస్తున్నారంటే, ఆ పుణ్యం నాది కాదు.

కత్తెర భార్యకి దూరపు ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది. వీడూ ఉద్యోగం మానేసి ఆవిడ వెంట బయల్దేరాడు. మేం బార్‌కి వెళ్లిన సాయంత్రమే మా ఆఫీసులో తన ఆఖరి పేజీ పెట్టేశాడు. ఆ సీట్లోకి ఇక మనిషి రాడట. ఎన్ని లైన్లు ఎక్కువైనా కంప్యూటరే అక్షరాల్ని నొక్కి సరిపెడుతుందట!

నిజం చెప్పొద్దూ, ఆ కబురు విన్న దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు. ఆ మాట వాడితో చెప్పాలి. ఎలా చెప్పను? మేం మగవాళ్లం. "టీ తాగుదామా" అనడం తప్ప మాకు వేరే ఆప్యాయత చేతకాదు.

ఇదిగో, ఇక్కడే ఆ బార్ నన్ను ఆదుకుంది. స్పీకరు సరిగ్గా మా నెత్తిన ఉంది. అక్కడి వెయిటర్లు ఆర్డర్లన్నీ మన పెదాలు చూసే రాసుకుంటారు. అలా తెప్పించుకున్న బర్గర్ ఎంత ఎత్తుందంటే, దాని వెనక కత్తెర టోపీ ఒక్కటే కనిపించింది. ఎదుటివాడి మొహం కనబడదు, మన మాట వాడికి వినబడదు. మనసు విప్పడానికి ఇంతకన్నా అనువైన చోటు ఇంకెక్కడుంది చెప్పండి!

విప్పాను. గొంతు చించుకుని మరీ విప్పాను.

ఆ బార్ ఆచారం ఒకటి నాకు తెలియదు. గిత్త మీంచి ఎవరైనా పడితే ఠక్కున పాట ఆపేసి గంట కొడతారు. పడ్డవాళ్లు లేచి టోపీ దులుపుకునేదాకా హాలంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే నా వెనక ఎవరో పడ్డారు.

"నువ్వెళ్లిపోతే నేనెవరితో పోట్లాడాలిరా!"

బార్ మొత్తం విన్నది. పక్క బల్ల పెద్దావిడ టిష్యూ అందించింది. సాసు తెస్తున్న వెయిటర్ ఉన్నచోటే నిలబడిపోయాడు. "పాపం, అన్నదమ్ములనుకుంటా" అన్నారెవరో. నేను మెడకి తాడు బిగిసిన బుల్లి టోపీతో బర్గర్ చాటున తలదాచుకున్నాను. ఏ దేవుడు కరుణించాడో, పాట మళ్లీ మొదలైంది.

అప్పుడు కత్తెర బర్గర్ పక్కకి జరిపాడు. నా వైపు వంగి మాట్లాడసాగాడు. ఏ సంగతైనా రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి, ఆపకుండా చెబుతూనే ఉన్నాడు! మధ్యలో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు. అలవాటు కొద్దీ "అవునవును" అంటూ తలూపాను.

ఎవరైనా పడితే బాగుండునని గిత్త వైపు చూశాను. దాని మీద ఎవరో అమ్మాయి. పడదే! ఒంటి చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సెల్ఫీలు దిగుతోంది. పడు తల్లీ, నీకు పుణ్యముంటుంది! ఊహూఁ.

ఇక ఆగలేక నేనే పరిగెత్తాను. ఆ అమ్మాయిని బతిమాలి దింపి, గిత్త ఎక్కాను. నా జీవితంలో అనుకున్న పని అనుకున్నట్టు జరిగింది అప్పుడే. ఎక్కీ ఎక్కగానే పడ్డాను. పాట ఆగింది, గంట మోగింది.

నేల మీంచే అరిచాను. "ఇప్పుడు చెప్పరా! ఇందాక ఏమన్నావు?"

కత్తెర వచ్చి నన్ను లేవదీశాడు. చుట్టూ చూశాడు. అందరూ చెవులు రిక్కించి ఉన్నారు.

"ఏం లేదురా. బర్గర్ చల్లారిపోతోంది, తినమన్నాను" అన్నాడు.

బయటికొచ్చి బస్టాపు దాకా నడిచాం. రోడ్డు మీద చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. ఒక్క లారీ అయినా హారన్ కొట్టకపోతుందా అని చూశాను, రాలేదు. ఇద్దరం బస్సులు వేళకి రావడం లేదని చాలాసేపు మాట్లాడుకున్నాం.

కాబట్టి సౌండు పెంచమన్న నా అర్జీలో మార్పు లేదు. కాకపోతే చివర రెండు లైన్లు ఎక్కువయ్యాయి. వాడుంటే కోసేసేవాడు. కంప్యూటరుకి ఏడుపుగొట్టుతనం తెలియదు కనక అచ్చయిపోతాయి.

బార్ మేనేజరు గారూ, ఆ సాయంత్రం మా బల్ల దగ్గర ఒక మనిషి పాట పొడుగునా ఏదో చెప్పాడు. మీ వెయిటర్లకి పెదాలు చదవడం వచ్చు కదా, వాడేమన్నాడో కాస్త కనుక్కుని చెప్పరూ?