వకీలు గారి గోధుమ చేను

ఆ శనివారం పొద్దున ఒరెస్ట్ ఖార్చుక్ పెట్టుకున్న పని ఒక్కటే: గదిలో కూర్చుని ప్రసంగం బట్టీపట్టడం. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్ర శాసనసభకు సోమవారమే పోలింగ్. పట్నంలో వకీలు, ఊళ్ళో రైతు. "నేనూ మీలాంటి రైతునే" అన్న ఒక్క మాట పట్టుకుని నియోజకవర్గమంతా తిరిగాడు. ఆ తిరుగుడులో సొంత చేను కోయడం మరిచాడు మహానుభావుడు.

ఆ ప్రాంతంలో అందరి కోతలూ అయిపోయి ఒక్కడి గోధుమ నిలబడి ఉందంటే, ఆ ఇంటాయన మంచం పట్టాడనే లెక్క. ఎవరూ పిలవక్కర్లేదు, ఊరే వచ్చి కోసిపెడుతుంది.

ముందుగా పక్క పొలం పరాస్కా పిన్ని బీట్‌రూట్ చారు పట్టుకొచ్చింది.

"మీ ఆయనకెలా ఉందే?" అని ఒరెస్ట్ భార్య స్తెఫానియాని అడిగింది.

"గది దాటి రావట్లేదు పిన్నీ. పలకరిస్తే విసుక్కుంటున్నాడు."

లోపలినుంచి "సోదర సోదరీమణులారా" అని వినిపించింది.

"పలవరింతలు కూడానా" అంటూ పరాస్కా కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నానికి కోత మిషన్లు వరసగా చేలో దిగాయి. ముందు మిషను నడిపేది వాల్టర్ బోయ్కో, ఒరెస్ట్ మీద పోటీకి నిలబడ్డ మనిషి.

ఒరెస్ట్ కిటికీలోంచి చూసి నీరుగారిపోయాడు. "నాకే జబ్బూ లేదని చెప్పిరావే."

"మరి చేనెందుకు వదిలేశాడంటే?"

"ఓట్ల కోసం..." అంటూనే ఆగాడు. రైతునని ఊరేగుతూ పంటనొదిలేశాడని తెలిస్తే ఒక్క ఓటూ రాలదు.

"అయితే పడుకో" అంది స్తెఫానియా.

సాయంత్రం వాల్టర్ టోపీ తీసి మంచం పక్కన నిలబడ్డాడు. "గింజ రాలకుండా కొట్లో పోశామయ్యా. దిగులుపడకు." ఒరెస్ట్‌కు సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. పరాస్కా అందులో చారు పోసింది.

సోమవారం అతన్ని కుర్చీతో సహా మోసుకెళ్ళి ఓటు వేయించారు.

చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఒరెస్ట్‌దే పైచేయి. సొంత ఊరే ముంచింది.

"నీ మంచికే నాయనా" అంది పరాస్కా. "నిన్ను అసెంబ్లీకి పంపి చేజేతులా చంపుకుంటామా?"

ఒరెస్ట్ భార్య వైపు చూశాడు. "నువ్వు కూడానా?"

"ఊరంతా అంత బాధపడుతుంటే నాకూ భయమేసింది" అంది స్తెఫానియా.

ఊళ్ళో ఒరెస్ట్‌కు పడ్డవి రెండే ఓట్లు: ఒకటి తనది, రెండోది 'జబ్బు మనిషి కదా, పాపం' అని వాల్టర్ వేసింది.