పదో తరగతిలో చేరిన దేవుళ్లు

ఈ పాపం ఎవరిదని అడిగితే నీళ్లు నమలనక్కర్లేదు. ముందు పెద్ద మాస్టారిది, తరువాత బడి కమిటీ చైర్మనుది, ఆ తరువాత "మనకెందుకులే" అని చోద్యం చూసిన ప్రతి తల్లిదీ, ప్రతి తండ్రిదీ. ఆ ప్రభుత్వ బడిలో పదో తరగతికి ఉన్నదే ఒక్క గది. దాన్ని మింగేశారు. మింగింది దేవుళ్లు కాదు, మీరే.

లెక్కల టీచరు ఆ పొద్దున తలపెట్టిన పని చాలా చిన్నది. గోడకు ఒక మేకు కొట్టాలి, దానికి చెక్క కంపాస్ తగిలించాలి, వృత్తాల పాఠం మొదలుపెట్టాలి. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. కంపాస్ బల్ల మీద పెడితే పిల్లలు దానితో కత్తియుద్ధాలు చేస్తున్నారు. ఇప్పటికే దాని కాలొకటి వదులైంది. ఇంటి నుంచి సుత్తి తెచ్చుకుని, బోర్డు పక్కన మేకు దిగ్గొట్టి, సున్నం అంటిన చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మేకుకు దేవుడి పటం వేలాడుతోంది. ఏ దేవుడన్నది అనవసరం. ఇందులో ఆయన ప్రమేయం ఏమీ లేదు.

పటం కింద కమిటీ చైర్మను చేతులు దులుపుకుంటున్నాడు.

"బడి ఎలా ఉందో చూద్దామని వచ్చా టీచరమ్మా. మేకు ఖాళీగా కనపడింది. కార్లో పటం ఉంటే తెచ్చి తగిలించా."

"అది కంపాస్‌కని కొట్టుకున్నానండీ."

"కంపాస్ గొప్పా, దేవుడు గొప్పా?"

వృత్తం గీయడానికైతే కంపాసే అని ఆమె నోటిదాకా వచ్చింది. నేరుగా పెద్ద మాస్టారి దగ్గరికి పోయింది. గొడవ అన్న మాట వింటేనే మంచినీళ్లు అడిగే మనిషి ఆయన.

"ఎక్కించడానికి ఒక చెయ్యి చాలమ్మా," అన్నాడాయన. "దించడానికి ఎవరి చెయ్యీ రాదు. ఇంకో మేకు కొట్టుకో, పోయేదేముంది?"

పోయింది. మర్నాటికల్లా రెండో మేకుకు ఇంకో మతం పటం ఎక్కింది. పక్క మేకు వాళ్లకిచ్చాక ఈ మేకు మనకే కొట్టి ఉంటారని ఆ మతం వాళ్లు అనుకున్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మూడో మేకు కొట్టింది, మూడో మతం వచ్చింది. నాలుగోది కొట్టే ధైర్యం లేక ఆమె సుత్తిని బీరువాలో దాచేసింది. అప్పటికే లెక్కల టీచరు మేకులు పంచుతోందని ఊరంతా పాకిపోయింది.

బజారులో కూరగాయలు ఏరుకుంటుంటే ఎవరో ముక్కూమొహం తెలియనావిడ చెయ్యి పట్టుకుంది. "మేకులమ్మా, మాదెప్పుడు కొడతావు? మేం తక్కువమందిమనేగా ఈ చిన్నచూపు?"

ఇంటికి పోతే అత్తగారు వండింది వడ్డించకుండా కూర్చుంది. "ఊరందరి దేవుళ్లకీ చోటిచ్చావట. ఇంటి దేవుడు పరాయివాడయ్యాడా తల్లీ?"

"అత్తయ్యా, నేనెవరికీ ఇవ్వలేదు. వాళ్లే తీసుకున్నారు."

"మరి మనకి తీసుకోవడం చేతకాదన్నమాట," అని ఆవిడ అవతలికి తిరిగి కూర్చుంది.

ఎవరి మేకులు వాళ్లే తెచ్చి కొట్టుకోవడంతో వారం తిరిగేసరికి గోడ నిండింది, తగువు మొదలైంది. ఒకరి పటం బెత్తెడు కిందికుందట. ఒకరిది బోర్డుకు దగ్గరట, ఇంకొకరిది చెత్తబుట్టకు దగ్గరట. పెద్ద మాస్టారు తరగతి ఆపించి పటాల వాళ్లందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు. అరుపులతో కిటికీ రెక్కలు అదిరాయి. వెనక నిలబడ్డ లెక్కల టీచరుకు ఒళ్లు మండింది.

"ఎవరూ ఎక్కువ కాకూడదు, ఎవరూ తక్కువ కాకూడదంటే వృత్తంలో పెట్టుకోండి. కేంద్రం నుంచి అందరూ సమాన దూరమే."

ఆమె అన్నది ఎత్తిపొడుపు. పెద్ద మాస్టారు తీర్పనుకున్నాడు. గోడ మీద వృత్తమైతే పైనా కిందా వస్తాయి గనక నేల మీద పెట్టాలన్నారు. బెంచీలు బయటికి పోయాయి. ఆమె చేతే తాడుకు సుద్దముక్క కట్టించి పెద్ద వృత్తం గీయించారు. దాని మీద పటాలను ఒకరి ముఖమొకరు చూసుకునేట్టు నిలబెట్టారు.

అప్పుడొచ్చాడు దేవుడే లేడనే టైలరు, చంకలో ఖాళీ ఫ్రేముతో. "లేడన్నదీ ఒక నమ్మకమే. మా వాటా ఏదీ?" కాదనే దమ్ము ఎవరికీ లేక జరిగి చోటిచ్చారు. సాయంత్రానికి ఆ ఖాళీ ఫ్రేము ముందు ఎవరో పూలు పెట్టి పోయారు.

"తీసెయ్యనా?" అని అడిగింది లెక్కల టీచరు.

టైలరు వద్దన్నాడు. "ఉండనీండి. పెట్టినవాళ్లు నొచ్చుకుంటారు."

పిల్లలు వరండాలో పడ్డారు. అక్కడ బోర్డు లేదు. వరండా ముందు మట్టిలో పుల్లతో స్పర్శరేఖ గీస్తే కుక్క వచ్చి దాని మీద పడుకుంది. లోపల దేవుళ్లున్నారు, గట్టిగా చెప్పొద్దని చైర్మను కబురంపాడు. సిద్ధాంతాలన్నీ గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. వెనక వరసలో వాళ్లు వ్యాసార్థం, వ్యాసం ఒకటే అనుకుని దర్జాగా లెక్కలు చేసుకుపోతున్నారు. ఆ తప్పులు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. చివరికి పై ఆఫీసుకు ఫోను చేసింది.

తనిఖీ అధికారి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. లోపల ఒక చుట్టు తిరిగాడు, అలవాటుకొద్దీ ఖాళీ ఫ్రేముకు కూడా దండం పెట్టాడు. బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభుత్వానికి మతం లేదు. బడినీ ప్రార్థనా మందిరాన్నీ ఒక్కచోట నడపడానికి వీల్లేదు."

"అదే కదండీ నేను మొత్తుకుంటున్నది," అంది లెక్కల టీచరు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"కాబట్టి బడిని ఖాళీ చెయ్యండి. రేపు పొద్దున్నుంచి ఈ పిల్లలు పక్క ఊరి బడికి పోవాలి."

అప్పుడు కదిలారు తల్లిదండ్రులు. పక్క ఊరి బడికి బస్సు కూడా లేదు. అందరూ పరిగెత్తుకొచ్చి వృత్తం చుట్టూ నిలబడ్డారు. పటాలు తీసేద్దాం అన్నారు. అందరూ సరే అన్నారు. ముందు వాళ్లు తీయాలి అని కూడా అందరూ అన్నారు.

"ఎవరూ ముందొద్దు, వెనకొద్దు," అంది లెక్కల టీచరు. "అందరూ వంగండి. మూడు అనగానే ఒక్కసారి ఎత్తండి. ఒకటి, రెండు, మూడు."

ఒక్కరూ ఎత్తలేదు. ఎదుటివాడు ఎత్తుతాడేమోనని ప్రతివాడూ ఓరకంట చూస్తున్నాడు. టైలరు కూడా చూస్తున్నాడు. వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు.

అయ్యల్లారా, అమ్మల్లారా, ఎలాగూ వంగారు. ఎదుటివాడి వంక చూడ్డం మాని, ఎవరి పటం వాళ్లు ఎత్తుకుని పొద్దుగుంకేలోగా ఇంటికి నడవండి. పోయేముందు గది ఊడ్చి, బెంచీలు లోపలికి మోయండి. ప్రభుత్వ బడి గోడ మీదికి ఇకనుంచి పాఠం తప్ప ఇంకేదీ ఎక్కనివ్వకండి. వృత్తాల పాఠం సగం కూడా కాలేదు, పరీక్ష రాయాల్సింది పిల్లలు. దేవుళ్లెవరికీ హాల్ టికెట్ రాలేదు.