దిండు కింద కొడవలి ఉండగా టీకా దేనికి?

పసిబిడ్డకు టీకా దేనికండీ? దిండు కింద కొడవలి ఉంటే చాలదూ!

ఇవాళ పొద్దున మా ఆడబిడ్డ జ్యోతిరాణికి కొడుకు పుట్టాడని ఫోనొచ్చింది. పెళ్లై నెల కాకుండానే నేను అత్తనైపోయాను! బోధన్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచి నిజామాబాద్ ఆస్పత్రి దాకా పక్క సీటు వాళ్లందరికీ చెప్పేశాను. మా ఆయన నితీష్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మా అత్తమ్మ విమలమ్మ అప్పటికే టవల్లో చుట్టి తెచ్చిన కొడవలిని బాబు దిండు కింద పెట్టేసింది. గాలీ ధూళీ సోకకుండా! ఆహా, ఏమి సెక్యూరిటీ! ఏ క్రిమైనా దాన్ని చూసి నవీపేట దాకా పరుగెత్తదూ?

ఇంతలో నర్సు హెపటైటిస్-బి టీకా తెచ్చింది. పుట్టిన రోజే వేయాలట.

"పురుడు తానం కానియ్యుండ్రి! గింతంత పోరనికి గప్పుడే సూదేంది?" అని అత్తమ్మ అడ్డుపడింది.

నిజమే కదా! వైరస్‌కు మాత్రం మర్యాద ఉండదా? "అమ్మా, పురుడైందా? రావచ్చా?" అని అడిగే వస్తుంది. వచ్చినా జ్వరం లేదు, ఏడుపు లేదు. కాలేయంలో ఓ మూల ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఇంత బుద్ధిమంతుడైన చుట్టం మీకెక్కడైనా దొరికాడా? ఎప్పుడో కళ్లు పచ్చబడితే పసరు ఉండనే ఉంది. అయినా పసుపు పండించేవాళ్లం, పచ్చరంగుకు భయపడతామా!

మా చిన్నమామ మధుకర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీరు పట్టిన పొట్టతో వంగి మనవడిని చూడలేకపోతున్నాడు.

"నా కండ్లు పచ్చవడితె మీరు పసరే తాపిచ్చిండ్రు వదినె. కార్జం ఖరాబయింది. నా చిన్నప్పుడు గీ సూది లేకుండె. వీనికి ఉన్నది గద!"

అత్తమ్మ దిండు కింది కొడవలిని మళ్లీ సర్దింది. నాకేమో నోరాగదు. "సూది గుడ ఇనుమే గద అత్తమ్మా. కొడవలి బయట కాపలా, సూది లోపట."

"పెండ్లయి నెల గాలే, గప్పుడే నాకు సుద్దులు చెప్పవడితివి!" అని నన్ను కసిరి, తలుపు వైపు తిరిగింది. "ఓ సిస్టరమ్మా, రా బిడ్డా. జర మెల్లగ."

బాబు ఒక్క కేక పెట్టాడు. ఎంత కమ్మటి కేకో!

కనబడని దయ్యానికి ఆయుధాలు సిద్ధంగా ఉంచుతాం. ఇంట్లో మనిషిని తినేస్తున్న జబ్బుకు మాత్రం ముహూర్తం చూస్తాం. తెలివంటే మనదే!

చిన్నమామతో ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి మేమంతా పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కనుక మా ఆయన మాటిచ్చిన అలీసాగర్ షికారు రద్దు. రేపు పొద్దున్నే ఇంటిల్లిపాదీ రక్తపరీక్షకు వెళ్తున్నాం. సూదంటే భయమట, నితీష్ ఇప్పట్నుంచే నా చెయ్యి వదలడం లేదు!