వకీలుగారి ఉచిత గోడ

"పేదవాడి పక్షాన ఊరికే నిలబడని నల్లకోటు, నల్లకోటే కాదు! వట్టి గొడుగు గుడ్డ!"

ఆదోని బస్టాండు ఎదుట ఫ్లెక్సీ మీద అంతేసి అక్షరాలతో మెరుస్తున్న ఈ మాట వకీలు విశ్వేశ్వరయ్య గారిది. దాని పక్కనున్న ఫొటో కూడా ఆయనదే. ఫ్లెక్సీ కట్టించిన "అభిమానులు" ఎవరంటారా? నిజం చెప్పాలంటే వారూ ఆయనే!

ఆయన్ను తప్పుపట్టకండి. పత్తి వ్యాపారుల కేసులు వాదించి మేడ కట్టారు, కారు కొన్నారు. అయినా ఏ సభకు వెళ్లినా రెండో వరుసలోనే కుర్చీ! శాలువా పడని మెడకు మొదటి వరుస ఎవరిస్తారు? ఆయన ఇలా కుమిలిపోతుండగా వకీళ్ల సంఘం వారు "పేదల న్యాయబంధు" పురస్కారం ప్రకటించారు. ఫీజు లేకుండా వాదించే కేసు ఒకటి కోర్టులో నడుస్తూ ఉండాలి. ఆ కక్షిదారు వేదికెక్కి నాలుగు మంచి మాటలు చెప్పాలి. అంతే!

అలాంటి కేసు విశ్వేశ్వరయ్య దగ్గర అచ్చంగా ఒక్కటే ఉంది. ఎమ్మిగనూరు పక్క పల్లెలో కూలి చేసుకుని బతికే మారెమ్మది. ఆమె ఇంటికీ, మరిది ఓబన్న ఇంటికీ మధ్య గోడ కూలిపోయింది. కొత్త గోడ ఎవరి జాగాలో లేపాలన్నదే తగాదా.

వానలు దగ్గర పడుతున్న రోజుల్లో ఎమ్మిగనూరు కోర్టు వరండాలో మారెమ్మ ఆయన చేతిలో బొరుగుల ఉగ్గాని పొట్లం పెట్టింది.

"సార్, ఓబన్న రాజీకి వస్తానంటాండాడు. గోడ నడిమధ్యన లేపుకుందామంటాడు. కేసు ఇడిసిపెడదాం సార్. వానొస్తే ఇంట్లోకి నీళ్లొస్తాయి."

నోట్లో పెట్టుకున్న ఉగ్గాని వకీలుగారికి పొలమారింది. రాజీయా? ఉన్న ఒక్క పేద కేసూ చేజారిపోతే ఇంకేముంది!

"తొందరపడితే ఎట్లమ్మా? సంఘమోళ్లు నాకొక బిరుదు ఇస్తాండారు. అది వచ్చేదాకా కేసు ఉండల్ల. నీకు ఊరికే వాదిస్తాండానా, లేదా? నా కోసం ఈ మాత్రం ఆగలేవా?"

మారెమ్మ ఆయన్ను జాలిగా చూసింది. "అట్లనే లే సార్" అంది. ఆ చూపును ఆయన కృతజ్ఞత అనుకున్నారు.

వానలు వచ్చాయి, పోయాయి. వాయిదా మీద వాయిదా పడింది. ప్రతి వాయిదాకూ మారెమ్మ వచ్చేది, ఓబన్న వచ్చేవాడు. ఇద్దరూ ఒకే ఆటోలో దిగేవారు! వాదీ ప్రతివాదీ ఒక ఆటోలో రావడమేమిటన్న అనుమానం విశ్వేశ్వరయ్యకు రాలేదు. ఆయన అప్పటికి సన్మాన ప్రసంగం రాసుకోవడంలో మునిగి ఉన్నారు.

ఆ శుభదినం రానే వచ్చింది. ఆదోనిలో హాలు నిండిపోయింది. మారెమ్మ మైకు ముందు నిలబడి, నేర్పించిన మాట నేర్పించినట్టే చెప్పింది.

"ఈ సారు నా కేసు ఊరికే వాదిస్తాండాడు. దేవుడట్లా మనిషి!"

చప్పట్లు! సంఘం అధ్యక్షుడు నరసింహ శాలువా కప్పారు. విశ్వేశ్వరయ్యకు నిజంగానే కళ్లు చెమర్చాయి. అంతా అయిపోయిందనుకుంటే మారెమ్మ మైకు వదల్లేదు. కింద కూర్చున్న ఓబన్నను చెయ్యూపి పైకి పిలిచింది.

"బిరుదు వచ్చె గదా సార్. ఇంగ మా కేసు తీసేస్తావా?"

వకీలుగారి చిరునవ్వు పెదవుల మీదే బిగుసుకుపోయింది. అధ్యక్షుడు అయోమయంగా అడిగారు: "కేసు తీసేయడమేంటమ్మా? మరి నీ గోడ?"

"గోడకు యాడుందయ్యా తగాదా! వానలకు ముందే నేనూ, మా మరిదీ నడిమధ్యన లేపుకున్యాము. మట్టి ఆయప్ప తొక్కినాడు, నీళ్లు నేను మోసినాను."

అధ్యక్షుడు ఓబన్న వైపు తిరిగారు.

"మరి ఇన్నాళ్లూ కోర్టుకు ఎందుకు తిరిగారు?"

"కేసు ల్యాకపోతే సారుకు బిరుదు రాదంట గదప్పా!" అన్నాడు ఓబన్న. "పాపం, పెద్దమనిషి నోరు తెరిచి అడిగినాడు. కాదని ఎట్లంటాం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మొదటి వరుస నుంచి వెనక గోడ దాకా పాకింది. విశ్వేశ్వరయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మైకుకు చెయ్యి అడ్డంపెట్టి, మారెమ్మ చెవి దగ్గర బతిమాలారు.

"ఇప్పుడు వద్దమ్మా, నా పరువు పోతుంది. వచ్చే వాయిదాకు రండి, తీసేస్తాను."

మారెమ్మ కోప్పడలేదు. పసిపిల్లాడికి నచ్చజెప్పినట్టే చెప్పింది. కాని వకీలుగారి చెయ్యి మైకుకు సరిగ్గా అడ్డం లేదు.

"పత్తి ఏరే కాలం సార్ ఇది, ఇప్పుడే నాలుగు కూలి డబ్బులొచ్చేది. మేమైనా నీకు ఎన్ని దినాలని ఊరికే సేస్తాం?"